రూపం దిద్దవచ్చు, ఆయుష్షు పోయలేము

విప్పిన నా ఇంజిన్‌లో, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్టు మీద గోరు ఆనించి అడ్డంగా లాగుతూ పోతే మూడో రాడ్ జర్నల్ దగ్గర, అంటే మూడో రాడ్ పట్టుకునే నునుపైన చోట, టక్కున ఆగింది. అద్దంలా మెరవాల్సిన చోట చుట్టూ గాడులు పడ్డాయి. రాడ్‌కూ జర్నల్‌కూ మధ్య ఉండే బేరింగ్ షెల్లు మీద ఉండాల్సిన మెత్తటి పొర ఊడిపోయి, నూనెలో తళుకుల్లా తేలుతోంది. నాకు గుండె జారిపోయింది. ఇంజిన్‌లో కదిలే వాటిలో అన్నిటికన్నా బరువైనది, ఖరీదైనది పోయిందనే అనుకున్నాను. లేత్ పని చేసే పెద్దాయన మాత్రం క్రాంకును ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టేశారు. "ఇది గ్రైండింగ్‌తో పోతుంది బాబూ. ఆ రాడ్ సంగతి చూశావా?" అన్నారు.

పిస్టన్‌ను క్రాంకుకు కలిపే ఆ రాడ్ నాకు బాగానే కనబడింది. వంపు లేదు, గీత లేదు. ఆయన దాని బిగ్ ఎండ్‌ను, అంటే క్రాంకును పట్టుకునే పెద్ద కొనను, దీపం కిందికి తిప్పినప్పుడు మాత్రం లోహం మీద నీలిరంగు నీడ ఒకటి కనబడింది. అంచున లేత పసుపు, లోపలికి పోయేకొద్దీ ముదురు నీలం. ఉక్కు మీద ఆ నీలం తేలిందంటే పై పొర సుమారు 300 డిగ్రీల దాకా కాగిందని అర్థం. బేరింగ్ ఒరుసుకున్న అసలు చోట వేడి ఎంత దాకా వెళ్లిందో ఆ రంగు చెప్పదు. "దీన్ని ఇక నమ్మలేము" అని ఆ రాడ్‌ను విడిగా పెట్టారు. నేను పోయిందనుకున్నది బతికింది, బతికిందనుకున్నది పోయింది.

పాడైన ఇంజిన్ భాగాన్ని బాగు చేయించాలా, కొత్తది వేయాలా అనే ప్రశ్నకు చాలామంది దెబ్బ ఎంత పెద్దదో చూసి జవాబు చెబుతారు. దెబ్బ పెద్దదైతే కొత్తది, చిన్నదైతే మరమ్మతు. మామూలు వాహనాల్లో ఈ పద్ధతి చాలావరకు నెట్టుకొస్తుంది. రేసు మైదానంలో తిప్పే ఇంజిన్లలో, బలం పెంచి వేగం పెంచి నడిపే ఇంజిన్లలో అది బోల్తా కొట్టిస్తుంది. దెబ్బ పరిమాణం చూడవద్దు, దాని జాతి చూడండి అన్నది నా వాదన. కొన్ని దెబ్బలు రూపానికి తగులుతాయి. కొలత తగ్గుతుంది, నునుపు పోతుంది, చదును చెడుతుంది. కొన్ని ఆయుష్షుకు తగులుతాయి. కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి, లోపల లోహం మాత్రం తన బతుకులో సగం ఖర్చు పెట్టేసి ఉంటుంది. మొదటి రకాన్ని మంచి పనివాడు దిద్దగలడు. రెండో రకానికి ఏ యంత్రమూ ఏమీ చేయలేదు.

ఒక లెక్క చూడండి. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ పోయే దూరం, 86 మిల్లీమీటర్లు ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. పైకి దూసుకెళ్లిన పిస్టన్ కొన మీద ఆగి వెనక్కి మళ్లే క్షణంలో దాని మీది త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు 4,000 రెట్లు ఉంటుంది. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి అరకిలో తూగితే ఆ క్షణంలో అది రెండు టన్నుల బరువై రాడ్‌ను పైకి లాగుతుంది. కంప్రెషన్ చివర అయితే వాయువుల ఒత్తిడి పిస్టన్‌ను కిందికి నొక్కి కొంత ఆదుకుంటుంది. పొగ బయటకు తోసే స్ట్రోకు చివర ఆ ఆసరా కూడా ఉండదు. ఆ లాగుడంతా చివరికి రాడ్ పెద్ద కొనను క్రాంకు చుట్టూ బిగించే, చిటికెనవేలంత ఉన్న రెండు బోల్టుల మీద పడుతుంది. రెండు చుట్లకు ఒకసారి ఇదే తంతు. సగటున 6,000 చుట్ల మీద ఇరవై నిమిషాలు నడిపితే ఒక్కో బోల్టు 60,000 సార్లు ఈ లాగుడు భరిస్తుంది. పైగా ఈ బలం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి 7,000 నుంచి 8,000కు వెళ్తే వేగం పెరిగేది ఏడో వంతే అయినా బోల్టు మీది లాగుడు 31 శాతం పెరుగుతుంది.

లోహం ఒక్క దెబ్బకు విరగకపోయినా చిన్న చిన్న దెబ్బలు పదేపదే తగిలితే విరుగుతుందని 19వ శతాబ్దంలోనే జర్మనీ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి తేల్చాడు. లోహపు అలసట అంటే ఇదే. మామూలు ఉక్కుకు ఒక హద్దు ఉంది. బలం ఆ హద్దు లోపల ఉన్నంతకాలం కోట్ల సార్లు లాగినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ఎంత మెల్లగా లాగినా లెక్క నడుస్తూనే ఉంటుంది. అందుకే అల్యూమినియం రాడ్లు వాడేవాళ్లు ఎన్ని పరుగులు తీశామో రాసుకుని, చెక్కు చెదరకుండా ఉన్నా సరే గడువు రాగానే తీసి పారేస్తారు. బయటివాళ్లకు అది దుబారాగా కనబడుతుంది. నాకూ ఒకప్పుడు అలాగే కనబడేది.

ఆ భ్రమ వదలడానికి నాకు ఒక ఇంజిన్ ఖర్చయింది. చాలా ఏళ్ల కిందట, మైదానంలో తిప్పుతూ మూడో గేరు నుంచి నాలుగుకు వెయ్యబోయి రెండులో వేశాను. ఇంధనం ఆపి ఇంజిన్ వేగానికి కళ్లెం వేసే కంప్యూటర్ ఉంది కదా అని అంటారు. అక్కడ ఇంజిన్‌ను తిప్పింది ఇంధనం కాదు, చక్రాలు. 7,600 దగ్గర ఆగాల్సిన ముల్లు 9,200 తాకిందని తర్వాత కంప్యూటర్ రాసిపెట్టిన లాగ్ చూస్తే తెలిసింది. అంటే బోల్టుల మీద అనుకున్నదానికన్నా దాదాపు 47 శాతం ఎక్కువ లాగుడు. అప్పటికి ఏమీ కాలేదు. వాల్వులు రెండు పిస్టన్‌ను ముద్దాడి కొద్దిగా వంగాయి, అంతే. ఇంజిన్‌కు పై మూత లాంటి హెడ్డు విప్పి ఆ రెండు వాల్వులూ మార్చాను. కింద అంతా చూశాను. రాడ్లు నిటారుగా ఉన్నాయి, బేరింగులు మెరుస్తున్నాయి. బోల్టులు కూడా బాగానే ఉన్నాయి కదా అని వాటినే మళ్లీ బిగించాను. బిగించేటప్పుడు ఒక బోల్టు మిగతా వాటికన్నా కొంచెం మెత్తగా తిరిగినట్టు అనిపించింది. ఆ సంగతి నాకు తర్వాత, చాలాసార్లు, గుర్తుకొచ్చింది.

ఆ తర్వాత నాలుగోసారి మైదానానికి వెళ్లినప్పుడు నేరుగా పోయే దారిలో ఆ బోల్టు తెగింది. రాడ్ ఇంజిన్ ప్రధాన దిమ్మ అయిన బ్లాకు పక్కగోడను చీల్చుకుని బయటకు వచ్చింది. తర్వాత ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంపులో దొరికిన బోల్టు ముక్కను భూతద్దం కింద పెట్టి చూశాను. తెగిన ముఖంలో సగానికి పైగా నునుపుగా ఉంది. అందులో ఒక అంచు దగ్గర మొదలై నత్తగుల్ల మీది వలయాల్లా ఒకదాని వెనక ఒకటి గీతలు. మిగిలిన కొద్ది భాగం మాత్రం విరిచిన బెల్లం అచ్చులా గరుకుగా ఉంది. ఆ గీతలు పగులు ఎలా నడిచిందో రాసిపెట్టిన దినచర్య. ఆ రోజు విరిగింది గరుకుగా ఉన్న ఆ చిన్న భాగమే. మిగతాదంతా నేను బాగుందనుకుంటూ నడిపినప్పుడు మెల్లమెల్లగా తెగుతూ వచ్చింది.

అందుకే రాడ్ బోల్టుల విషయంలో ఎవరు ఎంత వాదించినా నేను వినను. కొత్తవి బిగించే ముందు ప్రతి బోల్టు పొడవు మైక్రోమీటర్‌తో కొలిచి పుస్తకంలో రాస్తాను. విప్పినప్పుడు మళ్లీ కొలుస్తాను. 0.025 మిల్లీమీటర్లు మించి సాగిన బోల్టు తిరిగి లోపలికి వెళ్లదు. మొదటి పొడవు రాసి లేకపోతే ఇప్పుడు కొలిచి ప్రయోజనం లేదు, అప్పుడు అన్నీ కొత్తవే. కొన్ని ఇంజిన్లలో బోల్టును సాగే దాకా బిగించమనే తయారీదారు చెబుతాడు. అవి పుట్టుకతోనే ఒకసారికి మాత్రమే. వాల్వు స్ప్రింగులదీ ఇదే దారి. పరీక్ష యంత్రం మీద నొక్కితే పట్టు తగ్గిందా లేదా తెలిసిపోతుంది. తీగ మీద చిన్న గాటు ఉన్నా ఇక ఆలోచించే పని లేదు. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో కంప్రెసర్ చక్రం రెక్క వంగితే కొందరు శ్రావణంతో సరిచేయబోతారు. నిమిషానికి 1,00,000 చుట్లు దాటి తిరిగే రెక్కను వంచి మళ్లీ వంచడం అంటే పగులుకు ముహూర్తం పెట్టడమే.

ఇంతవరకు చదివి నేను కొత్త సామాను పక్షం అనుకుంటే పొరపాటు. నిలకడగా కూర్చునే భాగాలను, అంటే బ్లాకును, హెడ్డును, గేర్ల పెట్టెను, జనం మరీ తొందరగా పారేస్తారు. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అరిగితే అర మిల్లీమీటరు పెంచి బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్ వేయవచ్చు. ఒక్క సిలిండరే గీసుకుపోతే దానికి స్లీవు, అంటే లోపల ఇంకో గొట్టం, వేయవచ్చు. లోపల నికెల్ పూత ఉన్న బోరైతే మామూలు బోరింగ్ పనికిరాదు, పాత పూత తీసి కొత్త పూత వేయించాలి. అదీ చేసేవాళ్లు ఉన్నారు. పోత ఇనుము బ్లాకు సంగతైతే పాతదే మేలని నమ్మేవాళ్లు చాలామంది. ఫార్ములా వన్‌లో 1983లో నెల్సన్ పికే బ్రాబమ్ కారులో ప్రపంచ విజేత అయినప్పుడు వెనక ఉన్నది బీఎండబ్ల్యూ వారి 1.5 లీటర్ల టర్బో ఇంజిన్. దాని బ్లాకు మామూలు కార్లకు వేసే బ్లాకు నుంచే వచ్చింది. కొత్త పోతల కన్నా రోడ్డు మీద బాగా తిరిగిన కార్ల బ్లాకులనే ఏరి తెచ్చి వాడేవారని ఆ ఇంజిన్ గురించి చెప్పుకుంటారు. ఆ కథ చెప్పేవాళ్లు కొంత ఉప్పూకారం చల్లి ఉండవచ్చు గానీ అందులోని తర్కం గట్టిదే. పోత పోసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు వేడెక్కుతూ చల్లారుతూ పోయేకొద్దీ సడలుతుంది. ఆ తర్వాత మెషినింగ్ చేస్తే కొలత కదలకుండా నిలుస్తుంది.

హెడ్డు దగ్గర మాత్రం ఒక మోసం ఉంది. ఇంజిన్ మరిగి అల్యూమినియం హెడ్డు వంగితే ఏం చేస్తారు? పై తలం గీయిస్తారు. స్కేలు పెట్టి చూస్తే చదునుగా ఉంటుంది, రూపం దిద్దేశాం కదా అనుకుంటారు. ఆ మిశ్రమలోహానికి బలం వచ్చింది వేడిచేసి, చల్లార్చి, మళ్లీ మెల్లగా వేడిచేసిన ప్రక్రియ వల్ల. ఇంజిన్ విపరీతంగా కాగినప్పుడు ఆ ప్రక్రియ ఫలితం కరిగిపోతుంది, లోహం మెత్తబడుతుంది. మెత్తబడిన హెడ్డును ఎంత చదును చేసినా బోల్టుల కింద, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్ అంచున అణిగిపోతూనే ఉంటుంది. గాస్కెట్ మార్చుతారు, మళ్లీ పోతుంది, గాస్కెట్ కంపెనీని తిడతారు. రూపం వేషం వేసుకొచ్చిన ఆయుష్షు దెబ్బ ఇది. గీయించడానికి ముందు కాఠిన్య పరీక్ష చేయించడం అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ ఎవరూ పెట్టరు.

నా హెడ్డు ఒకటి ఎగ్జాస్టు వాల్వు సీట్ల మధ్య పగిలింది. చూసినవాళ్లందరూ పారేయమన్నారు. కాఠిన్యం చూపించాను, బాగానే ఉంది. నీళ్ల దారులన్నీ మూసి లోపలికి గాలి కొట్టి నీటిలో ముంచితే బుడగలు ఒక్క చోటే వచ్చాయి. పగులును చివరి దాకా తవ్వి, హెడ్డు మొత్తాన్ని వేడిచేసి వెల్డింగ్ పెట్టి, సీట్లు కొత్తవి వేసి మళ్లీ మెషినింగ్ చేశారు. ఆ హెడ్డు ఇప్పటికీ నడుస్తోంది. అది ఒకవేళ మళ్లీ పగిలినా జరిగేదేమిటి? నీళ్లు తగ్గుతాయి, తెల్ల పొగ వస్తుంది, బండి ఆపుకుంటాను. హెడ్డు పగులు ముందు హెచ్చరిక పంపి వస్తుంది. రాడ్ బోల్టు చెప్పాపెట్టకుండా పోతూ బ్లాకునూ, క్రాంకునూ, హెడ్డునూ వెంట తీసుకుపోతుంది. భాగం విలువను దాని వెలతో కాక, అది పోతే వెంట ఏమేమి పోతాయో దానితో కట్టాలి. ఆ లెక్కన ఇంజిన్‌లో అన్నిటికన్నా ఖరీదైనవి ఆ ఎనిమిది బోల్టులే.

ఇక ఈ రెంటికీ మధ్య నిలబడేది క్రాంకు. అది కదులుతుంది, వంగుతుంది, మెలి తిరుగుతుంది, అయినా చాలాసార్లు దక్కుతుంది. నా క్రాంకును ముందు కడిగి, అయస్కాంతంగా మార్చి, మెరిసే ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, గది చీకటి చేసి అతినీలలోహిత దీపం వెలిగించారు. పగులు ఉంటే రజను అక్కడ పోగై ఆకుపచ్చ వెంట్రుకలా మెరుస్తుంది. నా కళ్లు జర్నల్ మీది గాడుల దగ్గరే తచ్చాడుతుంటే పెద్దాయన వేలు మూలల వెంట నడిచింది. జర్నల్ వెళ్లి పక్క చెంపను కలిసే చోట ఉండే ఆ చిన్న గుండ్రటి వంపు దగ్గరే పగుళ్లు పుడతాయి. అక్కడ ఏమీ మెరవలేదు. మెరిసి ఉంటే గాడులు లేకపోయినా క్రాంకు చెత్తకుప్పకే.

పగులు పరీక్ష ముందు, గ్రైండింగ్ తర్వాత. ఈ వరుస తప్పి, అంతా గ్రైండ్ చేయించాక పగులు కనుక్కుని తల పట్టుకున్నవాళ్లను చూశాను. ఆయన 0.25 మిల్లీమీటర్లు తగ్గించారు, ఆ మూల వంపును మాత్రం తయారీదారు ఇచ్చినంత గుండ్రంగానే ఉంచారు. దాన్ని నిటారు మూలగా కోసేస్తే జర్నల్ ఎంత మెరిసినా పగులుకు పునాది వేసినట్టే. నైట్రైడింగ్ చేసిన, అంటే నైట్రోజన్‌తో పై పొరను గట్టిపరచిన, క్రాంకు కాబట్టి ఇంకో చిక్కు ఉంది. ఆ గట్టి పొర లోతు మిల్లీమీటరులో కొంత భాగమే, గ్రైండింగ్ దాన్ని తినేస్తుంది. మళ్లీ నైట్రైడింగ్‌కు పంపి, నిటారుగా ఉందో లేదో చూసి, బేరింగులతో బిగించి సందు కొలిచాం. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.05 సందు, అంటే తల వెంట్రుక కూడా దూరనంత.

మరి కొత్తవి వేస్తే గొడవ లేదు కదా అనేవారికి ఒక మాట. కొత్త భాగం అంటే ఇంకా ఎవరూ పరీక్షించని భాగం. ఈసారి తెప్పించిన కొత్త రాడ్లలో ఒకదాని బిగ్ ఎండ్ గుండ్రం తప్పి ఉంది. పెట్టె మీద మెరిసే ముద్ర ఉంది, లోపల కొలతలు రాసిన కాగితం కూడా ఉంది. కాగితం నమ్మి బిగించి ఉంటే మళ్లీ అదే బేరింగ్, అదే గోరు, అదే గాడి. పగులు పరీక్షలో నెగ్గి, అంతకుముందు బలమైన వేగాలు చూసి, కొలతలు నిలిచిన పాత క్రాంకుకూ, ఎక్కడ పోత పోశారో తెలియని చవక కొత్త క్రాంకుకూ మధ్య ఎంచుకోమంటే నేను పాతదాన్నే ఎంచుకుంటాను. ఒక్క పిస్టనే మార్చేవాళ్లు దాన్ని త్రాసు మీద పెట్టి మిగతా వాటితో గ్రాము దాకా సరిపోల్చాలన్నది మరో సంగతి. ఎక్కువమంది అది మరిచిపోతారు.

వీటన్నిటికన్నా ముందు ఎందుకు పాడైందో తెలియాలి. పిస్టన్ తల మీద ఇసుకతో కొట్టినట్టు గుంతలు ఉండి, రింగు గాడి నలిగిపోయి ఉంటే అది డిటొనేషన్ పని, అంటే ఇంధనం అదుపు తప్పి పేలిన ఫలితం. పిస్టన్ మార్చి ఇగ్నిషన్ టైమింగ్ అలాగే ఉంచితే కొత్త పిస్టన్ కూడా అదే రాత రాయించుకుంటుంది. నా బేరింగ్ పోవడానికి కారణం నూనె. పొడవాటి మలుపులో నూనె సంపులో ఒక పక్కకు ఒరిగిపోయి, పంపు గాలి పీల్చింది. లాగ్‌లో ఒకే మలుపు దగ్గర ప్రతిసారీ ఒత్తిడి పడిపోయిన గుంతలు ఉన్నాయి, నేను చూడలేదు. సంపులో అడ్డుపలకలు వేయించాను. ఆయిల్ కూలర్ పారేశాను. దానికి చిన్న సొట్ట కూడా లేదు, అయినా దాని సన్నటి గొట్టాల్లో ఇరుక్కున్న బేరింగ్ రజను ఎంత కడిగినా పూర్తిగా రాదు. కొత్త బేరింగులు వేసి పాత కూలర్ ఉంచిన ఇంజిన్లు రెండోసారి పోవడం నాకు తెలుసు. బాగున్న భాగాన్ని పారేయడానికి నాకు చెయ్యి వణకని సందర్భాల్లో అదొకటి.

మిగిలిన మూడు రాడ్ల దగ్గర మాత్రం నాకూ పెద్దాయనకూ మాట తేడా వచ్చింది. మూడూ పగులు పరీక్ష నెగ్గాయి, కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఒక్కటి మార్చి మూడు ఉంచుకోవచ్చు కదా అన్నాను.

"అవి ఎన్ని గంటలు నడిచాయి?" అని అడిగారు.

ఇంజిన్ నేను కొన్నప్పుడే లోపల ఆ రాడ్లు ఉన్నాయి. నా దగ్గర నడిచిన గంటలు చెప్పగలను, అంతకుముందువి చెప్పలేను. ఆ మాటే చెప్పాను. ఈ పరీక్ష పుట్టిన పగులును చూపిస్తుంది గానీ, పుట్టబోయే పగులు ఎంత దూరంలో ఉందో చూపించదని నాకూ తెలుసు. నాలుగూ మార్చాం. తీసిన మూడింటిని 5,000 చుట్లు దాటని ఇంజిన్‌కు వాడుకుంటానని ఒక మిత్రుడు అడిగాడు. లాగుడు అక్కడ 8,000తో పోలిస్తే 40 శాతం కూడా ఉండదు, లెక్క ప్రకారం తప్పేమీ లేదు. ఎక్కడి నుంచి వచ్చాయో, ఏం చూశాయో కాగితం మీద రాసి రాడ్లు మాత్రం ఇచ్చాను. బోల్టులు అడిగితే ఇవ్వలేదు. పెద్దాయన ఎనిమిదింటినీ వైస్‌లో బిగించి ఒక్కొక్కటీ రంపంతో నడిమికి కోసి, ముక్కలు ఇనుప డబ్బాలో పడేసి చేతులు తుడుచుకున్నారు.